ఆ రాయి ఇంకోచోట పడి ఉంటే

2025 ఫిబ్రవరిలో ‘2024 వైఆర్4’ అనే గ్రహశకలం పేరు టీవీ చానళ్లలో మారుమోగింది. 2032 డిసెంబరులో అది భూమిని ఢీకొట్టే అవకాశం ఒక దశలో 3.1 శాతం దాకా పెరిగింది. పడితే గిడితే ఎక్కడ పడొచ్చో గీసిన దారిలో దక్షిణాసియా కూడా ఉండటంతో మన దగ్గర టెన్షన్ ఇంకాస్త ఎక్కువైంది. వారం తిరక్కుండానే కొత్త పరిశీలనలు వచ్చి ఆ అవకాశం దాదాపు సున్నాకు చేరింది. ఆ కొద్దిరోజులూ అందరూ అడిగిన మొదటి ప్రశ్న ఒకటే: ఆ రాయి ఎంత పెద్దది? సుమారు 60 మీటర్లు. పడితే ఒక నగరం దెబ్బతింటుంది, భూగోళానికేమీ కాదు.

ప్రశ్న సరైందే, కానీ దాంతో సగం సంగతే తెలుస్తుంది. కెనడాలోని క్యుబెక్ రాష్ట్రంలో మానికూగన్ అనే ఉంగరం ఆకారపు జలాశయం ఉంది. 21.4 కోట్ల ఏళ్ల కిందట ఒక గ్రహశకలం అక్కడ పడితే దాదాపు 100 కిలోమీటర్ల వెడల్పున బిలం ఏర్పడింది. సైబీరియాలోని పొపిగై బిలం కూడా ఇంచుమించు అంతే. అది 3.57 కోట్ల ఏళ్ల నాటిది. హైదరాబాద్ ఔటర్ రింగ్ రోడ్డు లోపలి నగరం మొత్తాన్ని మింగి, ఇంకా చోటు మిగిలే గోతులు ఇవి. అయినా ఈ రెండు దెబ్బలకూ ముడిపెట్టదగిన సామూహిక వినాశనం శిలాజాల్లో కనబడదు. ట్రయాసిక్ యుగం చివర జరిగిన వినాశనాన్ని మానికూగన్ ఖాతాలో వేద్దామని కొందరు చూశారు గానీ, తీరా తేదీలు కడితే రెండింటికీ మధ్య కోటీ ముప్పై లక్షల ఏళ్ల తేడా వచ్చింది.

మెక్సికోలోని చిక్సులూబ్ దగ్గర పడిన రాయి మాత్రం 6.6 కోట్ల ఏళ్ల కిందట భూమి మీది జీవజాతుల్లో నాలుగింట మూడొంతులను తుడిచిపెట్టింది. ఆ బిలం వెడల్పు దాదాపు 180 కిలోమీటర్లు. పెద్దదే, సందేహం లేదు. కానీ గత నలభై అయిదేళ్ల పరిశోధన చూస్తే, సైజు ఒక్కటే ఆ వినాశనాన్ని వివరించలేదని తెలుస్తుంది. ఆ రాయి పడిన చోటు అంత చెడ్డది.

సెంటీమీటరు మట్టి

కథ మొదలైంది మెక్సికోలో కాదు. ఇటలీలో గుబ్బియో అనే పాత ఊరి పక్కన ఒక లోయ ఉంది. ఒకప్పటి సముద్రపు అడుగు పైకి లేచి అక్కడ సున్నపురాయి పొరలుగా నిలబడింది. ఆ పొరల మధ్య ఒక సెంటీమీటరు మందం మట్టి పొర. దాని కింది రాతిలో ఫోరామినిఫెరా అనే సూక్ష్మ సముద్రజీవుల గుల్లలు రకరకాలుగా, కాస్త పెద్దవిగా ఉంటాయి. పై రాతిలో ఒకటీ అరా రకాలే, అవీ చాలా చిన్నవి. మధ్యలో ఏదో జరిగింది. ఎంత కాలంలో జరిగింది?

వాల్టర్ అల్వారెజ్ అనే భూగర్భ శాస్త్రవేత్త ఈ ప్రశ్నను తండ్రి లూయిస్ ముందు పెట్టాడు. లూయిస్ భౌతికశాస్త్రంలో 1968లో నోబెల్ అందుకున్నవాడు. అంతరిక్షం నుంచి భూమి మీదికి సన్నటి దుమ్ము ఎప్పుడూ రాలుతూనే ఉంటుంది. అందులో ఇరిడియం అనే లోహం ఉంటుంది. భూమి పుట్టిన కొత్తలో ఇనుముతోపాటు ఇరిడియం కూడా భూకేంద్రంలోకి దిగిపోయింది కాబట్టి పైపొర రాళ్లలో అది అతి స్వల్పం. మట్టిలో ఇరిడియం ఎంత ఉందో కొలిస్తే ఆ పొర పేరుకోవడానికి ఎన్నేళ్లు పట్టిందో లెక్క తేల్చవచ్చన్నది లూయిస్ ఆలోచన. ఫ్రాంక్ అసారో, హెలెన్ మిషెల్ అనే రసాయన శాస్త్రవేత్తలు కొలిచారు. కింద, పైన ఉన్న రాళ్లతో పోలిస్తే 30 రెట్లు వచ్చింది. డెన్మార్క్‌లోని స్టెవెన్స్ క్లింట్‌లో 160 రెట్లు. న్యూజిలాండ్‌లోనూ అదే వరస.

గడియారంగా వాడదామనుకున్నది కాస్తా నేరస్తుడి ఆనవాలైంది. దగ్గర్లో ఏదైనా నక్షత్రం పేలిందేమోనని మొదట అనుమానించారు. అదే నిజమైతే ప్లూటోనియం-244 కూడా ఉండాలి, అది లేదు. ప్రపంచమంతటా పరుచుకున్న ఇరిడియాన్ని కూడితే 10 కిలోమీటర్ల గ్రహశకలం లెక్కకు వచ్చింది. ఈ నలుగురి వ్యాసం 1980లో ‘సైన్స్’ పత్రికలో వచ్చింది. డచ్ శాస్త్రవేత్త యాన్ స్మిట్ కూడా స్పెయిన్‌లోని కరవాకా రాళ్లతో ఇంచుమించు అదే సమయానికి అదే నిర్ణయానికి చేరాడు.

అయితే బిలం ఏది? పదేళ్లు వెతికారు. విడ్డూరం ఏమిటంటే, అది అప్పటికే దొరికి ఉంది. మెక్సికో ప్రభుత్వ చమురు సంస్థ పెమెక్స్ కోసం 1978లో అయస్కాంత సర్వే చేస్తూ గ్లెన్ పెన్‌ఫీల్డ్, ఆంటోనియో కమార్గో యుకటాన్ తీరం కింద భారీ వలయాన్ని గుర్తించారు. 1981లో ఒక సదస్సులో చెప్పారు కూడా. ఉల్కల నిపుణులు అదే కాలంలో వేరే సదస్సులో కూర్చుని ఇదే విషయం చర్చించుకుంటున్నారు. వీళ్ల మాట వాళ్ల చెవిన పడలేదు. టెక్సస్, హైతీల్లో సునామీ ఆనవాళ్లను, గాజు గోళీలను పట్టుకుని వెతుకుతూ అలన్ హిల్డెబ్రాండ్ 1990లో పెన్‌ఫీల్డ్‌ను కలిశాక గాని ముడి వీడలేదు. పెమెక్స్ పాత బోరుబావుల రాతి ముక్కలను మళ్లీ తీసి చూస్తే, విపరీతమైన ఒత్తిడికి లోపలే గీతలు పడిన క్వార్ట్‌జ్ అనే ఖనిజం కనిపించింది. అగ్నిపర్వతాలు అలాంటి గీతలు పెట్టలేవు.

పడిన రోజు

రాయి వెడల్పు 10 కిలోమీటర్లకు పైమాటే. వేగం సెకనుకు 20 కిలోమీటర్లు. ఆ వేగంతో హైదరాబాద్ నుంచి విజయవాడకు పదిహేను సెకన్లు కూడా పట్టదు. లోతు లేని సముద్రంలో, సున్నపురాయి, జిప్సం పొరల మీద అది పడింది. నిమిషంలోపే దాదాపు 30 కిలోమీటర్ల లోతు గొయ్యి. ఆ ఒత్తిడికి రాయి కాసేపు ద్రవంలా ప్రవర్తించింది. గొయ్యి అడుగు ఎగదన్ని హిమాలయాల కన్నా ఎత్తుకు లేచి, మళ్లీ కూలి చుట్టూ ఒక కొండల వలయంగా పరుచుకుంది. ఇదంతా కొన్ని నిమిషాల పని.

ఊహాగానంలా వినిపించే ఈ వర్ణనకు రాతి సాక్ష్యం ఉంది. 2016లో జొయానా మోర్గన్, షాన్ గులిక్‌ల నాయకత్వంలో అంతర్జాతీయ బృందం సముద్రంలో ఆ వలయం మీదే డ్రిల్లింగ్ చేసింది. సముద్రపు అడుగు నుంచి 1,335 మీటర్ల లోతు దాకా వెళ్లారు. ఎన్నో కిలోమీటర్ల లోతున ఉండాల్సిన గ్రానైట్, చిట్లి, వలయంలో పైకి వచ్చి కూర్చుంది. దాని మీద దాదాపు 130 మీటర్ల మందాన పేరుకున్న కరిగిన రాయి, ముక్కలు, ఇసుక అంతా ఒక్క రోజులో చేరినవే. మామూలుగా సముద్రంలో వెయ్యేళ్లకు కొన్ని సెంటీమీటర్ల పూడిక చేరడమే గొప్ప. పై అంచులో బొగ్గు కూడా ఉంది: తీరాన తగలబడిన అడవుల బొగ్గును తిరిగొచ్చిన సునామీ మోసుకొచ్చి గోతిలో పడేసింది.

ఆ రాతి కడ్డీల్లో ఉన్నవాటి కన్నా లేనిదే ఎక్కువ చెప్పింది. ఆ ప్రాంతపు రాళ్లలో జిప్సం వంటి గంధక ఖనిజాలు విస్తారంగా ఉంటాయి. పగిలి గోతిలోకి తిరిగి పడిన రాళ్లలో మాత్రం అవి దాదాపు లేవు. మరి ఆ గంధకం ఎక్కడికి పోయినట్టు? ఆకాశంలోకి.

చంపింది చీకటి

ఉల్క పడితే అందరం ఊహించుకునేది పేలుడు, మంటలు, సునామీ, భూకంపం. ఇవన్నీ జరిగాయి. అమెరికాలోని నార్త్ డకోటాలో, బిలానికి దాదాపు 3,000 కిలోమీటర్ల దూరంలో, టానిస్ అనే చోట నదిలోని చేపల మొప్పల్లో ఆకాశం నుంచి రాలిన గాజు గోళీలు ఇరుక్కుని దొరికాయి. ఆ చేపల ఎముకల్లోని పెరుగుదల వలయాలు చూసి, అవి చనిపోయింది ఉత్తరార్ధగోళపు వసంతంలో అని మెలనీ డ్యూరింగ్ బృందం 2022లో తేల్చింది. ఏడాది తెలియదు, ఆ మాటకొస్తే వేల ఏళ్లు అటూ ఇటూ కూడా కావచ్చు, కానీ రుతువు తెలుసు! ఈ రంగంలో నన్ను అన్నిటికన్నా ఆశ్చర్యపరిచిన సంగతి ఇదే.

కానీ మెక్సికోలో పేలితే డెన్మార్క్ సముద్రంలో పాచి ఎందుకు చావాలి? న్యూజిలాండ్ అడవికి ఏమవాలి? దానికి సమాధానం పేలుడులో దొరకదు. గాలిలోకి లేచినవాటిలో దొరుకుతుంది.

గంధకం పైవాతావరణంలో నీటి ఆవిరితో కలిసి సన్నటి సల్ఫేట్ తుంపరగా మారి సూర్యకాంతిని వెనక్కి తిప్పుతుంది. పిండి అయిన రాతి ధూళి ఉంది. కాలిన అడవులు, రాతిలోని చమురు వంటి పదార్థాలు కాలి వచ్చిన మసి ఉంది. మూడూ కలిసి భూగోళాన్ని కప్పాయి. కిరణజన్య సంయోగక్రియ ఆగిపోయింది. ఎంతకాలమన్నది కంప్యూటర్ నమూనాను బట్టి మారుతుంది. టానిస్‌లో దొరికిన సన్నటి ధూళి రేణువుల కొలతలతో బెల్జియం శాస్త్రవేత్తలు 2023లో వేసిన లెక్కలో దాదాపు రెండేళ్లు, ధూళి గాల్లో ఉన్నది 15 ఏళ్ల దాకా. గంధకం ప్రధానంగా వేసిన 2017 నాటి ఒక జర్మన్ లెక్కలో భూమి సగటు ఉష్ణోగ్రత 26 డిగ్రీలు పడిపోయింది. టెక్సస్‌లోని బ్రాజోస్ నది దగ్గర రాళ్లు సముద్రపు పైనీళ్లు 7 డిగ్రీల దాకా చల్లబడ్డాయని చెబుతున్నాయి.

ఈ ముగ్గురు దోషుల్లో ఎవరి వాటా ఎంత అన్నది ఇంకా తెగలేదు. 2025లో వచ్చిన ఒక అధ్యయనం గంధకం అంతకుముందు అనుకున్నదానికన్నా చాలా తక్కువే వెలువడిందని లెక్కగట్టింది. అది నిలబడితే ధూళి వాటా పెరుగుతుంది. కునియో కైహో, నాగా ఓషిమా అనే జపాన్ శాస్త్రవేత్తలది ఇంకో వాదన: అసలు దోషి మసి. అంత మసి రేపగల చమురు పదార్థాలు నిండిన రాయి అప్పటి భూతలంలో 13 శాతం మీదే ఉందని వాళ్లు 2017లో లెక్క వేశారు. ఆ 13 అన్న అంకెను అందరూ ఒప్పుకోరు. కానీ ఎవరి వాదన తీసుకున్నా అది పడిన చోటు దగ్గరికే వచ్చి ఆగుతుంది. లోతైన మహాసముద్రం మధ్యలో పడి ఉంటే గంధకమూ, మసీ ఇంత లేచేవి కావు. మానికూగన్, పొపిగైలు గట్టి స్ఫటిక శిలలున్న నేలల మీద ఏర్పడ్డాయి. అక్కడ ఆవిరయ్యే గంధకం అంతగా లేదు. పైగా చిక్సులూబ్ రాయి వచ్చిన కోణం కూడా చెడ్డదే. 45 నుంచి 60 డిగ్రీల ఏటవాలుగా వచ్చిందని గారెత్ కాలిన్స్ బృందం 2020లో చూపించింది. వాయువులు ఎక్కువగా ఎగజిమ్మేది సరిగ్గా అలాంటి దెబ్బకే.

ఎవరు బతికారన్న జాబితా కూడా చీకటి కథకే ఓటేస్తుంది. నేల మీద సుమారు 25 కిలోలు దాటిన నాలుగుకాళ్ల జీవుల్లో మొసళ్లు, తాబేళ్ల వంటివి తప్ప మిగిలింది లేదు. నదుల్లోని జీవులు సముద్రజీవుల కన్నా నయంగా బయటపడ్డాయి, ఎందుకంటే అక్కడి తిండిలో చాలా భాగం కుళ్లిన ఆకూ అలమే. గింజలు ఏరుకు తినే పక్షులు మిగిలాయి. సముద్రంలో చుట్ట తిరిగిన గుల్లల్లో బతికే అమ్మోనైట్లు పోయాయి, వాటి దూరపు చుట్టం నాటిలస్ నిలిచింది. అమ్మోనైట్ పిల్లలు పైనీళ్లలోని పాచి మధ్య పెరిగేవి, నాటిలస్ పెద్ద గుడ్లు లోతున పెడుతుంది. పాచి చచ్చింది, దాని మీద బతికేవీ చచ్చాయి. అమెరికాలో ఆ మట్టి పొరకు సరిగ్గా పైన పూలమొక్కల పుప్పొడి తగ్గి, ఫెర్న్ బీజాలు ఒక్కసారిగా పెరుగుతాయి. కాలిన నేల మీద మొదట మొలిచేవి ఫెర్న్‌లే మరి.

సముద్రానికి ఇంకో దెబ్బ కూడా తగిలింది. నెదర్లాండ్స్‌లోని ఒక గుహలో దొరికిన గుల్లల్లో బోరాన్ మూలకపు ఐసోటోపులను (బరువులో తేడా ఉన్న రకాలను) కొలిచి, సముద్రపు పీహెచ్ దాదాపు 0.25 పడిందని, అంటే నీటి ఆమ్లగుణం పెరిగిందని 2019లో తేల్చారు. సున్నంతో గుల్ల కట్టుకునే జీవికి అది చిన్న మార్పేమీ కాదు.

మన రాళ్ల సాక్ష్యం

ఇక్కడ కథ మన వైపు తిరుగుతుంది. అదే కాలంలో పడమటి భారతంలో భూమి చీలి లావా పొంగింది. పొరలు పొరలుగా పది లక్షల ఘన కిలోమీటర్లకు పైగా పరుచుకున్న ఆ నల్లరాయినే దక్కన్ ట్రాప్స్ అంటారు. వికారాబాద్ అనంతగిరి కొండలు, జహీరాబాద్, నిర్మల్, ఆదిలాబాద్ వైపు కనిపించే నల్లరాయి అదే. దాన్నుంచి పుట్టిందే అక్కడి నల్లరేగడి.

రాజమండ్రి సంగతి ఇంకా విచిత్రం. గోదావరికి రెండు వైపులా కాతేరు, దుద్దుకూరు, పంగిడి దగ్గరి క్వారీల్లో కంకర కోసం కొట్టే రాయి కూడా లావానే. చుట్టుపక్కల వందల కిలోమీటర్ల దాకా దక్కన్ లావా లేదు. మరి ఇక్కడికెలా వచ్చింది? రసాయన కూర్పు చూస్తే పశ్చిమ కనుమల్లోని అంబెనలి, మహాబలేశ్వర్ ప్రవాహాలతో సరిపోయింది. పాత నదీ లోయల వెంట దాదాపు వెయ్యి కిలోమీటర్లు పారి, అప్పటి తూర్పు తీరాన్ని చేరిందన్నది ఇప్పుడు బలంగా ఉన్న అభిప్రాయం. అలా చూస్తే భూమి మీద మనకు తెలిసిన అతి పొడవైన లావా ప్రవాహాల్లో ఇదొకటి.

క్వారీలో కింది లావాకీ పై లావాకీ మధ్య సముద్రపు గుల్లలతో నిండిన సున్నపు పొర ఉంటుంది. ప్రిన్‌స్టన్ విశ్వవిద్యాలయానికి చెందిన గెర్టా కెల్లర్ 2008లో ఆ పొరలోని ఫోరామినిఫెరాను పరిశీలించింది. వినాశనం అయిన వెంటనే పుట్టిన కొత్త రకాలు అందులో ఉన్నాయి. అంటే కింది లావా వినాశనం జరిగిన కాలానికి దగ్గర్లోనే ఆగి ఉండాలి. తర్వాత కృష్ణా-గోదావరి బేసిన్‌లో ఓఎన్‌జీసీ బావుల రాళ్లలోనూ ఆమె బృందం ఇదే క్రమం చూసింది. అసలు హంతకి దక్కన్ అగ్నిపర్వతాలే, ఉల్క కాదు అని కెల్లర్ దశాబ్దాలుగా వాదిస్తోంది. శాస్త్రవేత్తల్లో ఎక్కువమంది ఒప్పుకోలేదు, ఆ వాదన కొన్నిసార్లు వ్యక్తిగత దూషణల దాకా కూడా వెళ్లింది.

నా తూకం ఉల్క వైపే మొగ్గుతుంది. కారణం వేగం. అగ్నిపర్వతం ఎంత వాయువు కక్కినా వేల ఏళ్ల మీద కక్కుతుంది, సముద్రం ఆలోపు కొంత పీల్చుకుంటుంది. పించెలి హల్ బృందం 2020లో చూపించింది ఇదే: దక్కన్ వాయువులతో ముందు రెండు డిగ్రీల మేర వేడెక్కింది నిజమే, కానీ ఉల్క పడేనాటికి ఆ వేడి తిరిగి తగ్గిపోయింది. దక్కన్ కార్బన్ డయాక్సైడ్ ఉల్క తెచ్చిన చలిని కాస్త తగ్గించి ఉండొచ్చని అదే ఏడాది వచ్చిన ఇంకో నమూనా అంది. అలాగని దక్కన్‌ను పూర్తిగా వదిలేయలేం. ఉల్క దెబ్బకు భూమి అదిరి లావా మరింత ఉధృతమైందని మార్క్ రిచర్డ్స్ తదితరులు 2015లో ప్రతిపాదించారు. కచ్‌లోని అంజార్ దగ్గర లావా పొరల మధ్య మట్టిలో ఇరిడియం దొరికిందని అహ్మదాబాద్ ఫిజికల్ రీసెర్చ్ లేబొరేటరీ బృందం 1990లలో ప్రకటించింది. అది నిజంగా అదే ఉల్క దుమ్మయితే, దెబ్బ పడేటప్పటికే లావా పారుతోందన్నమాట.

ఈ సందర్భంలో రెండు పొరపాట్లు తరచూ చూస్తుంటాను. ఒకటి, ముంబై దగ్గర సముద్రంలో 500 కిలోమీటర్ల ‘శివ బిలం’ ఉందనీ, అసలు ఉల్క అక్కడ పడిందనీ తిరిగే వీడియోలు. శంకర్ చటర్జీ ప్రతిపాదన అది. అది ఉల్క బిలమని చూపే గట్టి ఆధారం లేక చాలామంది పక్కన పెట్టారు. మన దగ్గర రుజువైన ఉల్క బిలాల్లో బాగా తెలిసింది మహారాష్ట్రలోని లోనార్, దాని వెడల్పు 1.8 కిలోమీటర్లే. రెండోది, హైదరాబాద్ బిర్లా మ్యూజియంలోని కోటసారస్ అస్థిపంజరం ముందు నిలబడి పిల్లలకు ఉల్క కథ చెప్పడం. పాత ఆదిలాబాద్ జిల్లా యామన్‌పల్లి దగ్గర దొరికిన ఆ డైనోసార్ జాతి ఉల్క పడటానికి పది కోట్ల ఏళ్లకు పైగా ముందే బతికి పోయింది. దాని చావుకీ చిక్సులూబ్‌కీ సంబంధం లేదు.

అసలు చిక్కు తేదీల దగ్గరుంది. 2019 ఫిబ్రవరిలో ‘సైన్స్’ ఒకే సంచికలో దక్కన్ మీద రెండు పత్రాలు వేసింది. బ్లెయిర్ షేన్ బృందం లావా పొరల మధ్య దొరికే జిర్కాన్ అనే ఖనిజపు రేణువుల్లో యురేనియం సీసంగా మారే లెక్కతో తేదీలు కట్టింది. లావా నాలుగు విడతలుగా పొంగిందనీ, అందులో ఒకటి వినాశనానికి కొన్ని పదుల వేల ఏళ్ల ముందే మొదలైందనీ చెప్పింది. కోర్ట్‌నీ స్ప్రెయిన్ బృందం లావాలోని ఆర్గాన్‌తో కట్టింది. లావాలో దాదాపు ముప్పావు భాగం వినాశనం తర్వాతే పారిందంది. ఒకరి లెక్క ప్రకారం దక్కన్‌కు నేరంలో వాటా ఉండే అవకాశముంది, ఇంకొకరి ప్రకారం అది ఆలస్యంగా వచ్చింది. ఇద్దరూ జాగ్రత్తగా పనిచేసినవాళ్లే, చాలావరకు పది లక్షల ఏళ్ల లోపే ముగిసిందన్న దాంట్లో ఇద్దరికీ పేచీ లేదు. కానీ 6.6 కోట్ల ఏళ్లలో 0.1 శాతం తేడా వస్తే 66 వేల ఏళ్లు అటూ ఇటూ అవుతుంది. తగాదా అంతా ఆ 66 వేల లోపలే నడుస్తోంది. మహాబలేశ్వర్ లావాకూ, రాజమండ్రి క్వారీలోని రెండు పొరలకూ రెండు పద్ధతుల్లోనూ ఒకే తేదీ వచ్చినప్పుడు గాని, ఉల్క పడిన నాటికి ఎంత లావా పారిందో తేలదు.